భాషా ప్రయోగశాల: చెవి, యంత్రము, ఉపాధ్యాయుడు

ప్రయోగశాల అనగానే మనకు రసాయన శాస్త్రపు గదిలోని గాజు గొట్టాలు, భౌతిక శాస్త్రపు గదిలోని లోలకాలు జ్ఞప్తికి వస్తాయి. భాషకు కూడ ఒక ప్రయోగశాల ఉండవచ్చునని, అక్కడ పరీక్షకు లోనయ్యే పదార్థము మనిషి కంఠధ్వనియేనని చెబితే మన విద్యార్థులలో కొందరికైనా వింతగా తోచవచ్చును. అయితే ఇంటర్మీడియట్ ముగించి ఇంజనీరింగులో చేరిన మన పూర్వ విద్యార్థులకు "లాంగ్వేజ్ ల్యాబ్" అనే మాట నిత్య వ్యవహారమే. జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికలో ఇంగ్లీషుకు థియరీతో పాటు ల్యాబ్ కూడ చేరి చాల కాలమైనది. అటువంటి గది ఒకటి మన కళాశాలకు కూడ కావలెనన్న ప్రతిపాదన ఇప్పుడు కమిటీ వారి ఎదుట ఉన్నది. గది కట్టి తాళము వేయుట సులభము. ఆ గదిలో ఏమి జరుగవలెనో ముందుగా తెలిసికొనుట కష్టము. ఆ రెండవ పనికి కొంత తోడ్పడగలదని ఈ వ్యాసమును వ్రాస్తున్నాము.

భాషను చెవితో నేర్చుకొను పద్ధతి యంత్రములకంటె ఎంతో పాతది. వేదాంగములు ఆరింటిలో ఒకటైన శిక్ష, ఏ వర్ణము నోటిలో ఏ స్థానమున, ఏ ప్రయత్నముతో పుట్టునో చెప్పిన శాస్త్రము. క్రీస్తు శకము 8వ శతాబ్దిలో బస్రా నగరమున అరబ్బీ వ్యాకరణమును రచించిన సీబవైహి పుట్టుకచే పారశీకుడు. ఆయన తన "అల్ కితాబ్" గ్రంథములో అరబ్బీ ధ్వనులకు 16 ఉత్పత్తి స్థానములను నిర్ణయించినాడు. మదరసాలో ఓనమాలు దిద్దిన మన విద్యార్థులు "మఖ్రజ్" అని నేర్చుకొన్నది దీనినే. కంఠ్యము, తాలవ్యము, మూర్ధన్యము అని తెలుగు వ్యాకరణ తరగతిలో మేము చెప్పేదియు ఇంచుమించు అదియే. ఒకే విషయమును రెండు గదులలో రెండు పేర్లతో చదువుకొంటూ, అవి వేరని అనుకొంటున్న విద్యార్థులు మనలో ఎందరో ఉన్నారు.

ఈ రెండు సంప్రదాయాలలోను గ్రంథముండియు, శిష్యుడు గురువు ఎదుట కూర్చుండి విని, పలికి, దిద్దించుకొనవలసినదే. ఆ పద్ధతికి ఉన్న కొరత ఒక్కటే. గురువునకు నోరు ఒకటి, తరగతిలో విద్యార్థులు అరువదిమంది. పలికిన ధ్వని పలికిన క్షణముననే మాయమైపోతుంది. దానిని పట్టి ఉంచి మరల వినిపించు ఉపాయము 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫుతో లభించినది. 1901 నాటికే లండనులో లింగ్వాఫోన్ సంస్థ వారు విదేశ భాషలను ధ్వనిముద్రణల ద్వారా నేర్పుట వ్యాపారముగా ఆరంభించినారు. కాని గ్రామఫోను రికార్డు మాట్లాడునే గాని వినదు. విద్యార్థి తన నోటితో ఏమి పలికినాడో దానికి పట్టదు. ఆ లోటు తీర్చినది అయస్కాంతపు టేపు. డెన్మార్కుకు చెందిన పౌల్సెన్ 1898లోనే ఉక్కు తీగపై ధ్వనిని నిలిపినాడు. 1930లలో జర్మనీలో ప్లాస్టిక్ టేపు వచ్చినది. 1963లో ఫిలిప్స్ కంపెనీ చిన్న కేసెట్టును విడుదల చేసిన తరువాత ఆ సదుపాయము సామాన్యుని ఇంటికి కూడ చేరినది.

టేపు ఆధారముగా ఏర్పడిన భాషా ప్రయోగశాల పని చేయు విధము ఇది. ప్రతి విద్యార్థికి ఒక అర, ఒక హెడ్‌ఫోను, ఒక మైకు. ఉపాధ్యాయుని ఎదుట ఒక మీటల బల్ల. టేపుపై రెండు దారులుంటాయి. ఒక దారిలో గురువు కంఠము. దానిని విద్యార్థి చెరపలేడు. రెండవ దారిలో విద్యార్థి కంఠము. దానిని ఎన్నిసార్లయినను చెరిపి తిరిగి నింపవచ్చును. అభ్యాసము నాలుగు మెట్లుగా సాగుతుంది: టేపు ఒక మాటనో వాక్యమునో అందిస్తుంది, విద్యార్థి బదులు పలుకుతాడు, టేపు సరియైన బదులు వినిపిస్తుంది, విద్యార్థి దానిని మరల పలుకుతాడు. చివరకు వెనుకకు త్రిప్పి రెండు కంఠములను ప్రక్కప్రక్కన వింటాడు. ఉపాధ్యాయుడు ఏ అరలోనికైనను చెవి పెట్టి, ఆ ఒక్క విద్యార్థితోనే మాట్లాడి దిద్దగలడు. అరువదిమందిలో నోరు విప్పుటకు సిగ్గుపడే విద్యార్థికి, ముఖ్యముగా వెనుక వరుసలో కూర్చుండే మన విద్యార్థినులకు, ఈ ఏకాంతము కంటె మేలైన సదుపాయము లేదని మా అభిప్రాయము.

తన కంఠమును తాను మొదటిసారి యంత్రములో విన్న ప్రతివారును "ఇది నా గొంతు కాదు" అంటారు. అందులో యంత్రపు దోషమేమియు లేదు. మనము మాట్లాడునపుడు మన ధ్వని గాలిద్వారానే గాక కపాలపు ఎముకలద్వారా కూడ మన చెవికి చేరుతుంది. ఎముకలగుండా వచ్చే ధ్వనిలో మంద్ర స్థాయి హెచ్చు. యంత్రములో వినబడేది గాలిద్వారా పోయిన భాగము మాత్రమే. అనగా ఇతరులు మనను వినేది అట్లే! ఆ సంగతి గ్రహించినపుడే ఉచ్చారణపై శ్రద్ధ కలుగుతుంది.

మన రాష్ట్రములలో ఈ విద్యకు పుట్టినిల్లు హైదరాబాదు. 1958లో అక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ నెలకొల్పబడినది. 1972లో విదేశ భాషలను కూడ చేర్చుకొని "సీఫెల్" అని ప్రసిద్ధి చెందినది. 2007లో ఇఫ్లూ అను కేంద్ర విశ్వవిద్యాలయమైనది. అక్కడి ధ్వనిశాస్త్ర విభాగములో ఆర్.కె. బన్సల్ గారు, భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశీయులకు ఎంతవరకు అర్థమగుచున్నదో ప్రయోగపూర్వకముగా పరిశీలించి 1969లో గ్రంథముగా ప్రకటించినారు. మన ఇంగ్లీషు అర్థము కాకపోవుటకు అక్షరముల ఉచ్చారణ ఒక్కటే కారణము కాదని, మాటలో ఏ భాగమును నొక్కి పలుకవలెనో తెలియకపోవుట పెద్ద కారణమని ఆ పరిశీలనలో తేలినది. "రికార్డ్" అను మాటనే చూడుడు. నామవాచకమైనపుడు మొదటి భాగముపై ఊనిక, క్రియ అయినపుడు రెండవ భాగముపై ఊనిక. తెలుగువారమును ఉర్దూవారమును కూడ రెంటిని ఒకే తీరున లాగివేస్తాము. ఈ భేదము పుస్తకములోని గుర్తును చూచి రాదు, చెవితో విననిదే రాదు.

రేడియో, టెలివిజనులు కూడ తమ వంతు చేసినవి. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. ఆ కేంద్రపు సంస్కృత పాఠములను విని శ్లోకములు కంఠస్థము చేసినవారు మన జిల్లాలో నేటికిని ఉన్నారు. 1984 ఆగస్టు 15న దూరదర్శనులో యూజీసీ వారి "కంట్రీవైడ్ క్లాస్‌రూమ్" మొదలైనది. ఇవన్నియు మేలు చేసినవే, కాని గ్రామఫోనుకున్న లోపమే వీటికిని ఉన్నది. అవి వినవు.

ఇంతవరకు చదివిన కమిటీ సభ్యులు, "అట్లయిన వెంటనే కొనవచ్చును గదా" అని అనవచ్చును. కొనుటకు ముందు అమెరికా దేశపు అనుభవమును ఒకసారి చిత్తగింపవలెనని మా మనవి. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ఆకాశమునకు పంపినది. ఆ కలవరపాటులో అమెరికా ప్రభుత్వము 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టము చేసి, సైన్సు, గణితములతో పాటు విదేశ భాషలకు కూడ ధనము కుమ్మరించినది. పాఠశాలలలో వేల సంఖ్యలో భాషా ప్రయోగశాలలు వెలసినవి. 1963లో రేమండ్ కీటింగ్ అను పరిశోధకుడు ప్రయోగశాల ఉన్న పాఠశాలలను, లేని వాటిని పోల్చి చూచి, ఉన్నందువలన పెద్దగా లాభము కనిపించలేదని, కొన్ని అంశములలో లేనివారే మెరుగని ప్రకటించినాడు. అదే దశాబ్దములో పెన్సిల్వేనియా రాష్ట్రములో జరిగిన విస్తృత పరిశీలన కూడ ప్రయోగశాలకు అనుకూలముగా తీర్పు చెప్పలేదు. ఆ నివేదికలపై వాదోపవాదములు చెలరేగినవి, యంత్రములు మాత్రము క్రమముగా మూలపడినవి.

యంత్రము చెడ్డదా? కాదు. వారానికొకసారి తరగతి మొత్తమును తరలించి, అర్థము లేని వాక్యములను చిలుకవలె పలికించి, ఉపాధ్యాయుడు మీటల బల్లవద్ద పత్రిక చదువుకొన్నచోట ఫలితము ఎట్లుండునో అట్లే ఉన్నది. మన ప్రాంతములోనే ఒకానొక విద్యాసంస్థలో మేము చూచిన గదిని చెప్పెదము. ముప్పది కంప్యూటర్లు, వాటిపై ప్లాస్టిక్ ముసుగులు, గోడపై రంగుల బోర్డు. తనిఖీ బృందము వచ్చిన రోజున ముసుగులు తీస్తారు. సాఫ్టువేరు అనుమతి గడువు తీరి రెండేండ్లయినది. దానిని తిరిగి కొనుటకు బడ్జెట్టు లేదు, కొన్నను నడుపుటకు మనిషి లేడు. పిల్లల వద్ద ల్యాబ్ ఫీజు మాత్రము వసూలగుచున్నది. మన విద్యార్థులలో పలువురు ఉపకారవేతనముపై చదివేవారు. వారి తలిదండ్రులు కట్టిన రూపాయి ప్లాస్టిక్ ముసుగు క్రింద నిద్రించుట మాకు సమ్మతము కాదు.

ఇక మన కళాశాల విషయము. ఇంగ్లీషు ప్రయోగశాల ఏ కళాశాలకైనను ఒక్కటే. కాని ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువబడే చోట దానికి వేరొక ప్రయోజనమున్నది. దానిని ఏ కంపెనీ వాడును మనకు అమ్మలేడు.

ఉర్దూ మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థి తెలుగు వ్రాతలో చేసే తప్పులను మేము చాల ఏండ్లుగా దిద్దుచున్నాము. "నెల", "నేల" ఒకటే. "మెడ", "మేడ" ఒకటే. "కొన", "కోన" ఒకటే. సోమరితనమని కొందరు ఉపాధ్యాయులు కోపగించుట కద్దు. కాని ఉర్దూలో ఎకార ఒకారములకు హ్రస్వ దీర్ఘములనే రెండు వేరు వర్ణములు లేవు. ఆ ధ్వనులు అక్కడ సాధారణముగా దీర్ఘములే. చెవి ఎరుగని భేదమును చేయి వ్రాయజాలదు. అట్లే మూర్ధన్యమైన ళకారము, ణకారము. "కల" అనగా స్వప్నము, "కళ" అనగా విద్య. "వేల" రూపాయలు వేరు, "వేళ" వేరు. తమ్మిలేటి ఒడ్డున తెలుగు పిల్లలతో ఆడి పెరిగినవారికి ఈ చిక్కు అంతగా లేదు. ఇంటిలో, బడిలో, వీధిలో ఉర్దూ తప్ప వినని పిల్లలకే ఇది అధికము.

"చాప", "చేప" అను మాటలను గమనించుడు. కొల్లేటి సీమలో ఈ రెండు మాటలు పలుకకుండ దినము గడువదు. రెండును చకారముతోనే వ్రాస్తాము. కాని తెలుగువాని నోట మొదటిది దంతముల వద్ద పుట్టును, రెండవది తాలువు వద్ద పుట్టును. పూర్వపు నిఘంటువులలో ఈ దంత్య చకారముపై ప్రత్యేకమైన గుర్తు ఉంచేవారు. నేటి అచ్చులో అది కానరాదు. తెలుగువానికి గుర్తు అక్కరలేదు, నాలుకకే తెలుసును. ఉర్దూ విద్యార్థి రెంటిని తాలవ్యముగనే పలుకుతాడు. తెలుగు విద్యార్థి నవ్వుతాడు. ఎందుకు నవ్వినాడో తానును చెప్పలేడు. ఇద్దరికిని ఇది పాఠమే.

తెలుగు విద్యార్థి ఉర్దూ నేర్చునపుడు నవ్వు ఆవలి వైపు చేరుతుంది. మన మాటలలో ఒత్తు అక్షరములు వ్రాతకే గాని నోటికి అంతగా రావు, "ధనము"ను "దనము" అనుట మనకు అలవాటు. ఉర్దూలో "బాత్" అనగా మాట, "భాత్" అనగా అన్నము. "దాన్" అనగా దానము, "ధాన్" అనగా వరిధాన్యము. వరి పండే గోదావరి డెల్టాలో ఈ రెండవ జంటను కలిపివేయుట బొత్తిగా తగదు! ఇక "రాజ్" అనగా పాలన. జకారమునకు బదులు ఘర్షణ ధ్వనితో పలికినచో అదియే రహస్యమగును. తెలుగు లిపిలో రెంటికి ఒకే అక్షరము. ఉర్దూవారికిని తమ చిక్కులు తమకున్నవి. దక్కను ఉర్దూలో "ఖాఫ్" అక్షరపు మూలధ్వని పోయి గరగరలాడే ఖకారముగా మారినది. దానివలన సమాధి అను మాటయు, వార్త అను మాటయు వినుటకు ఒక్కటే అవుతాయి. లక్నో వారు దీనిని ఎగతాళి చేస్తారు. మేము దానిని తప్పు అనము, మాండలికమని అంటాము. కాని పరీక్షలోను ఉద్యోగములోను ప్రామాణిక ఉచ్చారణ అవసరమైనపుడు ఆ భేదము చెవికి తెలిసి ఉండవలెను.

ఇంగ్లీషులో ఈ ఇరువురు ఒకరికొకరు గురువులు కాగలరు. ఇంగ్లీషు "జూ", "ఫ్యాన్" మాటలలోని తొలి ధ్వనులు ఉర్దూ విద్యార్థికి పుట్టుకతో వచ్చినవి. "బ్యాట్"లోని అచ్చు తెలుగు విద్యార్థికి దగ్గరిది, ఎందుకనగా మన జిల్లాలో "వచ్చాడు" అన్నపుడు నోటినుండి వెలువడే దీర్ఘము శుద్ధమైన ఆకారము కాదు, ఆ అచ్చుకు చుట్టమే. కనుక మన ప్రయోగశాలలో విద్యార్థులను జంటలుగా కూర్చుండబెట్టవలెను. ఒక తెలుగు విద్యార్థి, ఒక ఉర్దూ విద్యార్థి. ఒకరి కంఠము మరియొకరికి గురుపాఠము. ఈ పాఠములకు కావలసిన కంఠములన్నియు మన ఆవరణలోనే ఉన్నవి.

పలువురి కంఠములు కావలెననుటకు శాస్త్రీయమైన ఆధారము కూడ కలదు. జపాను దేశీయులకు ఇంగ్లీషులోని ర, ల ధ్వనుల భేదము వినబడుట దుర్లభము. ఇండియానా విశ్వవిద్యాలయములో పిసోని, ఆయన సహచరులు 1991, 1993 సంవత్సరములలో ప్రకటించిన ప్రయోగములలో వారికి ఈ భేదముపై శిక్షణ ఇచ్చినారు. ఒకే వ్యక్తి కంఠముతో నేర్చినవారు ఆ కంఠమునకే అలవాటుపడినారు. పలువురి కంఠములతో నేర్చినవారు, ఎన్నడును వినని క్రొత్తవారి నోట కూడ ఆ భేదమును పట్టగలిగినారు. ఒక్క ఉపాధ్యాయుని కంఠము, అది ఎంత చక్కనిదైనను చాలదని దీని అర్థము.

నేడు ఇందుకు కావలసిన సాధనములలో ముఖ్యమైనవి ఉచితముగనే లభిస్తున్నవి. ఆడాసిటీ అను సాఫ్టువేరుతో ధ్వనిని ముద్రించి, కత్తిరించి, రెండు కంఠములను ఒకదాని క్రింద ఒకటి ఉంచి వినవచ్చును. పాత టేపులోని రెండు దారులు ఇవియే. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమునకు చెందిన బూర్స్మా, వీనింక్ అను ఇద్దరు తయారుచేసిన ప్రాట్ అను సాఫ్టువేరు ధ్వనిని చిత్రముగా చూపుతుంది. "నెల", "నేల" పలికి చూచినచో మొదటి అచ్చు ఎంతసేపు సాగినదో తెరపై కొలవవచ్చును. ఛందస్సులో మేము హ్రస్వమునకు ఒక మాత్ర, దీర్ఘమునకు రెండు మాత్రలని చెబుతాము. తెరపై కొలత అంత కచ్చితముగా రాదు, మాటనుబట్టి, మనిషినిబట్టి మారుచుండును. కాని భేదము మాత్రము కంటికి స్పష్టము. చెవి ఒప్పుకొననిదానిని కన్ను ఒప్పిస్తుంది. తరువాత కొన్నాళ్ళకు చెవికి కన్ను సాయము అక్కరలేకపోతుంది.

విద్యార్థుల జేబులలోని సెల్‌ఫోను కూడ ఒక ధ్వనిముద్రణ యంత్రమే. కొల్లేటి లంక గ్రామములనుండి బస్సులో వచ్చి, సాయంకాలము బస్సు వేళకు పరుగెత్తే విద్యార్థికి ప్రయోగశాలలో అదనపు గంట కుదరదు. అతడు ఇంటివద్ద పాఠము చదివి, వాట్సాప్‌లో కంఠమును పంపినచో ఉపాధ్యాయుడు విని దిద్దవచ్చును. 2020లో కళాశాలలు మూతబడినపుడు ఎందరో ఉపాధ్యాయులు గత్యంతరము లేక చేసిన పని ఇది. గతి ఉన్నపుడును చేయదగినది.

మాటలను విని అక్షరములుగా మార్చే యంత్రములు, ఉచ్చారణకు మార్కులు వేసే యంత్రములు ఇటీవల ప్రబలినవి. భారత ప్రభుత్వము 2022లో భాషిణి అను కార్యక్రమమును మన భాషలకొరకే ఆరంభించినది. వీటిని స్వాగతిస్తున్నాము, ఒక జాగ్రత్తతో. అట్టి యంత్రము తాను విని పెరిగిన కంఠములనే సరియైనవిగా ఎంచును. అది వినని మాండలికమునకు తక్కువ మార్కులు వేయును. ఆ మార్కును చూచి ఏలూరు విద్యార్థి తన నోరే తప్పని భావించి మౌనము వహించునేమో అని మా భయము. యంత్రమిచ్చిన మార్కును ఉపాధ్యాయుడు విననిదే రిజిష్టరులో ఎక్కించరాదు.

ప్రయోగశాలకు మరియొక ఉపయోగమున్నది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు గ్రామములనుండి సేకరించిన మాటలతో కూర్చిన మాండలిక వృత్తి పదకోశములను ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించినది. వ్యవసాయ పదములు 1962లో, చేనేత పదములు 1971లో వెలువడినవి. ఆ పదకోశములలో మాట ఉన్నది, కాని దానిని పలికిన కంఠము లేదు. మన పట్టణములో తివాచీలు నేసే ముస్లిము కుటుంబములు ఉన్నవి. ఆ విద్య పారశీక దేశమునుండి వచ్చినదని తరతరములుగా చెప్పుకొంటారు. మగ్గము చుట్టును ఉర్దూ, తెలుగు, పారశీక పదములు కలిసి తిరుగుచుండును. కొల్లేటి పల్లెకారులకు వలలకు, పడవలకు, నీటి పోతుకు, పాటుకు వేరువేరు మాటలున్నవి. చెరువుల సాగు పెరిగి పాత వేట తగ్గినకొలది ఆ మాటలను పలికే పెద్దలు తగ్గుచున్నారు. మన విద్యార్థులు వారి అనుమతితో ఆ కంఠములను ముద్రించి తెచ్చినచో, అవియే మన ప్రయోగశాలకు పాఠములు. లండను టేపుకంటె తమ తాత కంఠమునే వారు శ్రద్ధగా వింటారని మా నమ్మకము.

కమిటీ వారికి మా సూచనలు కొన్ని. గది వీధివైపు ఉండరాదు, హారన్ల మధ్య ధ్వనిముద్రణ సాగదు. ముప్పది యంత్రములు కొనుటకంటె పదునైదు కొని, మంచి హెడ్‌ఫోనులపై ఖర్చు చేయుట మేలు. సంవత్సరమునకొకసారి సొమ్ము కట్టవలసిన సాఫ్టువేరు మొదటనే వలదు, ఉచిత సాధనములతో ఒక సంవత్సరము గడిపి, లోటు తెలిసిన తరువాత కొనవచ్చును. మిగిలిన ధనముతో ఒక సహాయకుని నియమింపవలెను. తాళపు చెవి ఆయన వద్ద ఉండవలెను, ప్రిన్సిపాలుగారి బీరువాలో కాదు. వేళాపట్టికలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటికిని ప్రయోగశాల గంటలు వ్రాసి ఉండవలెను. ఒక్క ఇంగ్లీషుకే కేటాయించినచో పైన చెప్పిన జంట అభ్యాసమునకు చోటుండదు.

మొదటి నెల పాఠములకు కావలసిన మాటల జంటలను తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి కూర్చుచున్నవి. కంఠమిచ్చుటకు ఇష్టపడే విద్యార్థినీ విద్యార్థులు, ఏ తరగతివారైనను, ఏ మాండలికమువారైనను, తమ పేర్లను రెండు శాఖలలో ఎక్కడనైనను ఇవ్వవచ్చును. జంటలు "మెడ, మేడ"తో మొదలగును.